కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టించిన కారు ఇంజిన్‌లోకి వానాకాలంలో నీరు పోకుండా ఏం చేయాలి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుని జవాబులోకి వెళ్తాను. హైదరాబాదులో ఉంటున్న మీరు మీ హోండా సిటీ పెట్రోలు కారుకు కంపెనీ బిగించిన ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీయించి, బయట కొన్న కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ (ఇంజిన్ వేడి తగలని చోటి నుంచి చల్లని గాలి తెచ్చే పైపు, ఫిల్టర్) పెట్టించారు. దాని కోన్ ఫిల్టర్ ఇప్పుడు ముందు బంపర్ లోపల, ఫాగ్ ల్యాంప్ వెనక కింద ఉంది. వానలో తిరిగితే ఇంజిన్‌కు ప్రమాదమా, బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ మునిగితే పైపులోకి వేరే దారిలో గాలిని వదిలేది) పెట్టిస్తే సరిపోతుందా, ఇన్సూరెన్స్ వారికి ఈ మార్పు సంగతి చెప్పాలా అన్నవి మీ సందేహాలు. "పైపు ఇంజిన్ దాకా పైకే వెళ్తోంది కదా, నీరు అంత ఎత్తు ఎక్కదు" అని బిగించిన షాపువారు ధైర్యం చెప్పారని కూడా రాశారు.

సూటిగా చెప్పాలంటే, వానలు పూర్తిగా తగ్గేవరకు ఆ ఫిల్టర్‌ను బంపర్ లోంచి తీయించి, బానెట్ కింద పై ఎత్తుకు తెచ్చుకోండి. పాత బాక్సు మీ దగ్గరే ఉంటే దాన్నే తిరిగి బిగించుకోవడం అన్నింటికన్నా మంచిది. బైపాస్ వాల్వ్, నీటిని అంటనివ్వని గుడ్డ తొడుగు వంటివన్నీ ఆ తరువాతి మాట. ఫిల్టర్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నదే ఇంజిన్ భద్రతను నిర్ణయిస్తుంది, మిగతావి ఆ ఎత్తుకు ప్రత్యామ్నాయం కాలేవు. షాపువారు చెప్పిన మాట మాత్రం తప్పు. ఎందుకు తప్పో కింద లెక్కతో సహా వివరిస్తాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ పనులు చేసే షెడ్డు నడుపుతున్నాను. మామూలు వానాకాలాల్లో వచ్చే బండ్లు సరేసరి, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయినప్పుడు మునిగిన ఇంజిన్లను వరుసగా విప్పవలసి వచ్చింది. ఇక్కడ రాస్తున్నది అలా విప్పినప్పుడు కంటితో చూసినదే.

ముందు ఒక భయం తీసేస్తాను. వాన కురుస్తున్నప్పుడు తిరిగినంత మాత్రాన ఇంజిన్ పాడవదు. గాలిలోని తేమ, ఫిల్టర్ మీద పడే తుంపర, అక్కడక్కడ లోపలికి జారే చుక్కలు ఇవన్నీ వేడికి ఆవిరై పోయేవే. అసలు ప్రమాదం ఫిల్టర్ నీటిలో మునగడం. పూర్తిగా మునగక్కరలేదు, అడుగు భాగం మునిగినా తడిసిన గుడ్డ పొరల్లోంచి గాలి కష్టంగా వస్తుంది. పీల్పు పెరిగిన కొద్దీ ఆ గాలి నీటిని కూడా వెంట లాక్కెళ్తుంది.

ఎంత నీరు పోతే ఇంజిన్ చెడుతుందో లెక్క కడదాం. మీది 1,497 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్, అంటే ఒక్కో సిలిండర్ వాటా 374 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లోని గాలి ఎన్నో వంతుకు నలుగుతుందన్న లెక్క) సుమారు 10:1 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ ఇంచుమించు 40 సీసీ, అంటే 40 మిల్లీలీటర్లు మాత్రమే. గాలి ఆ ఖాళీలోకి నలిగి ఇముడుతుంది, నీరు నలగదు. కాబట్టి ఒక్క సిలిండర్‌లోకి 40 మిల్లీలీటర్లకు మించి నీరు చేరితే, అంటే దగ్గుమందు సీసాకు ఉండే పది మిల్లీలీటర్ల మూతతో నాలుగు మూతలు దాటితే, పిస్టన్ పైకి రాలేక మధ్యలోనే బిగుసుకుంటుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. డీజిల్ ఇంజిన్లలో ఈ ఖాళీ ఇంకా తక్కువ. ఒకప్పుడు స్విఫ్ట్‌లో వచ్చిన 1,248 సీసీ డీజిల్‌లో కంప్రెషన్ 17:1 దాటుతుంది కనుక అక్కడ 20 సీసీ కూడా ఉండదు.

పిస్టన్ ఆగినా ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం బరువు, మిగతా మూడు సిలిండర్ల బలం దాన్ని తోస్తూనే ఉంటాయి. ఆ ఒత్తిడంతా పిస్టన్‌ను క్రాంక్ ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది. ఐడిల్‌కు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగే వేగానికి, దగ్గరలో జరిగితే ఇంజిన్ టక్కున ఆగిపోయి రాడ్ కొద్దిగా వంగవచ్చు, అదృష్టం ఉంటే వంగకపోవచ్చు. మూడు వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర జరిగితే రాడ్ విరిగి ఇంజిన్ బ్లాకు గోడను చీల్చుకుని బయటికి రావచ్చు. అటువంటి బ్లాకుకు మరమ్మతు ఉండదు, మార్చుకోవడమే. ఈ లోపు "నీరు వస్తోంది, ఆపేద్దాం" అనుకునే వ్యవధి కూడా మీకు దొరకదు. 1,500 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకు పన్నెండు సార్లకు పైగా గాలి పీలుస్తుంది.

ఇక షాపువారి మాట. నీటిని 10 సెంటీమీటర్లు పైకి లాగడానికి ఒక కిలోపాస్కల్ పీడన తేడా చాలు. బంపర్ లోపలి ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే పలక ఉన్న భాగం) వరకు అరవై, డెబ్భై సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకున్నా, నీరు అక్కడిదాకా ఎక్కడానికి 6 లేదా 7 కిలోపాస్కల్స్ సరిపోతాయి. ఐడిల్‌లో తిరుగుతున్న పెట్రోలు ఇంజిన్ మానిఫోల్డ్‌లోనే (థ్రాటిల్ దాటాక గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో) 60 కిలోపాస్కల్స్‌కు పైగా వాక్యూమ్ ఉంటుంది. మామూలు వేళల్లో ఆ పీల్పు థ్రాటిల్ పలక దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే ఇవతల పైపులోకి గాలి ధారాళంగా వస్తుంటుంది. ఫిల్టర్ మునిగి గాలి రావడం ఆగిన మరుక్షణం అదే పీల్పు పైపులోకి పాకి నీటిని లాగడం మొదలుపెడుతుంది. డెబ్భై మిల్లీమీటర్ల వ్యాసం, మీటరు పొడవు ఉన్న పైపులో పట్టే గాలి నాలుగు లీటర్లయినా ఉండదు. దాన్ని ఇంజిన్ ఐడిల్‌లో ఉండి కూడా ఒకటి రెండు సెకన్లలో ఖాళీ చేస్తుంది, ఆ ఖాళీలోకి వచ్చేది నీరే. పైపు పైకి వెళ్తోందన్నది నిలకడగా ఉన్న నీటికి అడ్డే గాని, పీలుస్తున్న ఇంజిన్‌కు అడ్డు కాదు.

కంపెనీ బాక్సును చాలామంది శబ్దం తగ్గించే ప్లాస్టిక్ డబ్బా అనే అనుకుంటారు గాని, అందులో నీటి కోసం చేసిన ఏర్పాట్లు చాలా ఉంటాయి. గాలి తీసుకునే మూతిని సాధారణంగా రేడియేటర్ పైన, బానెట్ లాక్ పట్టీకి దగ్గరగా, ఆ కారులో వీలైనంత ఎత్తున పెడతారు. మూతి నుంచి వచ్చిన గాలి బాక్సు అడుగున విశాలమైన చోటులోకి చేరి నెమ్మదించడంతో బరువైన చుక్కలు కింద పడిపోతాయి. బయటికి పోవడానికి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. గాలి ఫిల్టర్‌లోకి కింది నుంచి పైకి ఎక్కుతుంది కాబట్టి చుక్క అంత తేలిగ్గా ఫిల్టర్ కాగితం దాకా చేరదు. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టినప్పుడు ఇవన్నీ ఒకేసారి పోయి, మూతి ఉండవలసిన ఎత్తు కూడా సగానికి పైగా తగ్గిపోతుంది.

మీరు ఈ రోజే ఒక టేపు తీసుకుని నేల నుంచి ఫిల్టర్ అడుగు అంచు వరకు కొలవండి. ఇటువంటి కిట్లలో అది తరచుగా చక్రం మధ్యలోని హబ్ ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. మీ కారు టైరు సైజుకు హబ్ మధ్యభాగం నేల నుంచి 30 సెంటీమీటర్ల లోపే. అంటే మోకాలి కిందికి వచ్చే నీరు కూడా మీ ఫిల్టర్‌ను ముంచగలదు. మలక్‌పేట రైల్వే వంతెన కిందో, టోలిచౌకి నదీమ్ కాలనీలోనో, మైత్రీవనం దగ్గరో గట్టి వాన పడినప్పుడు నిలిచే నీరు మీకు తెలిసినదే కదా.

ఇప్పుడు చేయవలసిన పనులు. మొదటిది, ఇందాక చెప్పినట్లు, పాత బాక్సు తిరిగి బిగించడం. అందులో కడిగి వాడుకునే కాటన్ ప్యానెల్ ఫిల్టర్ వేసుకోవచ్చు, కె అండ్ ఎన్ వంటి సంస్థలవి మన దగ్గర దొరుకుతాయి. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని 1.5 లీటర్ల ఇంజిన్‌లో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వల్ల వచ్చే బలం స్వల్పమే. బాక్సు పెడితే మీరు ప్రధానంగా వదులుకునేది యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వినిపించే ఆ గాలి శబ్దాన్ని. నాలుగు నెలలు ఆ శబ్దం లేకుండా ఉండగలిగితే మిగతా ఎనిమిది నెలలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మార్చడం గంటలో అయ్యే పని, ఇంట్లో స్పానర్ సెట్ ఉంటే మీరే చేసుకోగలరు.

రెండవది, పాత బాక్సు దొరకకపోతే. చాలా కిట్లలో పైపు రెండు ముక్కలుగా వస్తుంది, మధ్యలో సిలికాన్ జాయింటు, దానికి రెండు క్లాంపులు ఉంటాయి. కింది ముక్క తీసేసి ఫిల్టర్‌ను పై ముక్కకే తగిలిస్తే అది బానెట్ కింద ఎత్తున నిలుస్తుంది. దీన్నే షార్ట్ ర్యామ్ అంటారు. ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడి గాలి పీల్చి పికప్ కొంచెం మందగిస్తుంది, అందుకు ఒక అల్యూమినియం హీట్ షీల్డ్ పెట్టించుకుంటే కొంత నయం. ఫిల్టర్ రేడియేటర్ ఫ్యానుకు ఎదురుగా పడకుండా చూడండి, నీటిలో వెళ్తున్నప్పుడు ఆ ఫ్యాను రెక్కలు నీటిని వెనక్కి చిమ్ముతాయి. మీ కిట్ ఒకే పొడవాటి పైపు అయితే దాన్ని కోయించే ముందు ఆలోచించండి. కోస్తే గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న భాగం పోకూడదు, పోతే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది.

మూడవది మీరు అడిగిన బైపాస్ వాల్వ్. ఏఈఎం వంటి సంస్థలు వీటిని తయారు చేస్తాయి. పైపు మధ్యలో ఎత్తైన చోట బిగిస్తే, కింద ఫిల్టర్ మునిగి పైపులో పీల్పు పెరగగానే దాని రబ్బరు పలకలు లోపలికి తెరుచుకుని బానెట్ కింది గాలిని రానిస్తాయి. పీల్పు సడలుతుంది కాబట్టి నీరు పైకి లాగబడదు. పద్ధతి మంచిదే, పని చేయడం నేను చూశాను. కానీ మూడు షరతులున్నాయి. నీటి మట్టం ఆ వాల్వ్‌ను అందుకోకూడదు. అది పీల్పుతో తెరుచుకునేది కాబట్టి టర్బో ఇంజిన్లకు వాడకూడదు, తయారీదారులే వద్దంటారు. మీది టర్బో కాదు కనుక మీకు పనికొస్తుంది, కానీ ఇది చదివే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టీఎస్ఐ (టర్బో పెట్రోలు), టర్బో ఐ20 యజమానులు దీన్ని నమ్ముకోవద్దు. ఇక మూడో షరతు రబ్బరు. మన ఎండలకు, ఇంజిన్ వేడికి ఆ పలకలు గట్టిపడతాయి, అంటుకుపోతాయి. వానాకాలానికి ముందు విప్పి, వేలితో నొక్కి, తేలిగ్గా తెరుచుకుని తిరిగి మూసుకుంటున్నాయో లేదో చూడాలి. సరిగా మూసుకోని పలక ద్వారా వడగట్టని దుమ్ము రోజూ ఇంజిన్‌లోకి పోతుంది, అది నీటి కన్నా నెమ్మదిగా బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను, అరగదీస్తుంది. మీ బండికి గాలి కొలిచే ఎం.ఎ.ఎఫ్. సెన్సర్ ఉంటే వాల్వ్‌ను ఫిల్టర్‌కూ ఆ సెన్సర్‌కూ మధ్యనే పెట్టించండి.

నీటిని అంటనివ్వని గుడ్డ తొడుగు చుక్కలను, బురద తుంపరలను బాగా ఆపుతుంది, మునిగినప్పుడు ఆపలేదు. అందుకని దాన్ని పైకి తెచ్చుకున్న ఫిల్టర్‌కు వేసుకోండి, కింద ఉన్న ఫిల్టర్‌కు వేసి ధైర్యపడవద్దు.

వీటన్నింటికన్నా ఎక్కువమంది పట్టించుకోనిది చక్రం లోపలి లైనర్. ముందు చక్రం పైన నల్లని ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, టైరు చిమ్మే నీరు బంపర్ లోపలికి పోకుండా ఆపేది అదే. కిట్ బిగించేటప్పుడు ఫిల్టర్‌కు చోటు చాలక దాన్ని కోసేస్తారు, లేదా క్లిప్పులు పెట్టకుండా వదిలేస్తారు. వానాకాలంలో పికప్ పోతోందని మా షెడ్డుకు వచ్చిన ఒక బండి బంపర్ విప్పితే, ఫిల్టర్ టైరు వైపు సగం గట్టిపడిన ఎర్రమట్టితో పూడిపోయి, రెండో సగం శుభ్రంగా ఉంది. పైపు విప్పి లోపల టార్చి వేసి చూస్తే అడుగు భాగం పొడవునా బురద చారిక, థ్రాటిల్ పలక అంచున బూడిద రంగు పొర. బండి ఎన్నడూ లోతు నీటిలోకి దిగలేదు, నీరంతా దాని ముందు చక్రమే చిమ్మింది. లైనర్ కొత్తది వేసి, ఫిల్టర్‌ను పైకి మార్చి పంపించాం. మీ బండి స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం వెనక చేయి పెట్టి చూడండి. ఫిల్టర్ చేతికి తగిలితే లైనర్ కోసేసినట్లే.

జాయింట్ల సంగతి కూడా చూసుకోవాలి. ఫిల్టర్‌కు పైన, ఇంజిన్‌కు ముందు ఉన్న ప్రతి సిలికాన్ జాయింటూ గాలి చొరకుండా బిగువుగా ఉండాలి, పైపు బాడీ అంచుకు రాసుకుని రంధ్రం పడకుండా రబ్బరు పెట్టాలి. కొందరు పైపు అడుగు వంపులో "నీరు కారిపోతుంది" అని చిన్న రంధ్రం వేస్తారు. దయచేసి అలా వేయించవద్దు. ఫిల్టర్ దాటిన తరువాత ఉన్న రంధ్రం అంటే వడగట్టని గాలికి తలుపు తీసినట్లే, నీటిలో దిగితే ఆ రంధ్రమే ముందు పీలుస్తుంది. ఫిల్టర్ కడిగిన రోజు పూర్తిగా ఆరాకే నూనె పట్టించి బిగించండి, నూనె అతిగా పడితే సెన్సర్ మీదికి చేరి రీడింగు చెడుతుంది. సర్వీసింగ్‌లో ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడుగుతామంటే ఫిల్టర్‌కు ప్లాస్టిక్ సంచి కట్టించండి, స్టార్ట్ చేసే ముందు విప్పించండి.

నీటిలో నడపడం గురించి. లోతు తెలియని నీటిలోకి దిగవద్దు, ఇది ఏ ఇన్‌టేక్ ఉన్న బండికైనా వర్తిస్తుంది. ముందు వెళ్తున్న బండి హబ్ మునుగుతుంటే కంపెనీ బాక్సు ఉన్న సెడాన్ కూడా వెనక్కి తిరగాలి. కింద ఫిల్టర్ ఉన్న మీ బండి ఆ లోతులో సగానికి కూడా పోకూడదు. కొత్త మహీంద్రా థార్‌కు 650 మిల్లీమీటర్లు, ఫోర్స్ గూర్ఖాకు స్నార్కెల్‌తో (గాలిని బండి పై ఎత్తు నుంచి తీసుకునే గొట్టం) 700 మిల్లీమీటర్ల లోతు నీరు దాటవచ్చని కంపెనీలు ప్రకటించాయి. ఆ అంకెలు కూడా నెమ్మదిగా, అలలు లేపకుండా వెళ్లినప్పటివే. వేగంగా వెళ్తే బండి ముందు నీరు గుట్టగా లేచి, రోడ్డు మీది లోతుకన్నా బంపర్ దగ్గరి లోతు ఎక్కువవుతుంది. ఎదురుగా బస్సు వస్తుంటే దాని అల దాటేవరకు ఎత్తైన చోట ఆగండి. ఫస్ట్ గేరులో, ఒకే వేగంతో, ఏసీ ఆపి వెళ్లాలి. ఏసీ ఆపమనేది ఇందాక చెప్పిన రేడియేటర్ ఫ్యాను కోసమే.

ఒక దురభ్యాసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సైలెన్సర్‌లోకి నీరు పోతుందేమోనన్న భయంతో చాలామంది నీటిలో బండిని బాగా రేజ్ చేస్తారు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపు సైలెన్సర్‌లోంచి బయటికి వచ్చే పొగ నీటిని తోసేస్తుంది, దానికి ఐడిల్‌కు కొంచెం పైన తిరిగితే చాలు. రేజ్ చేసిన కొద్దీ గాలి మూతి దగ్గర పీల్పు పెరుగుతుంది. ఇంజిన్ చచ్చేది ముందు వైపు నుంచి వచ్చే నీటితో, వెనక వైపు నుంచి వచ్చేదానితో కాదు.

ఇప్పటిదాకా నడుస్తున్న బండి మాట. సెల్లార్‌లో నిలిపిన బండి ఇంతకన్నా మోసపూరితమైనది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదులో పడిన వానకు అపార్ట్‌మెంట్ సెల్లార్లు ఎలా నిండిపోయాయో మీరు చూసే ఉంటారు. నిలిపి ఉంచిన బండిలో ఫిల్టర్ మునిగితే పీల్పు లేకపోయినా పైపులోకి నీటి మట్టం దానంతట అదే చేరుతుంది. మట్టం థ్రాటిల్ దాకా పెరిగితే, ఆ సమయానికి ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని ఉన్న సిలిండర్‌లోకి నీరు దిగి కూర్చుంటుంది. తెల్లవారేసరికి నీరు తగ్గిపోతుంది, పైకి బండి తడిసిన గుర్తు కూడా పెద్దగా కనిపించదు, యజమాని సెల్ఫ్ కొడతాడు. బుడమేరు వరద తరువాత మేము విప్పిన ఇంజిన్లలో రాడ్లు వంగినవి చాలావరకు ఇలాంటివే. నీటిలో నిలబడి ఉన్నంతసేపు వాటికేమీ కాలేదు, ఆ తరువాత కొట్టిన ఒక్క సెల్ఫే వాటిని చెడగొట్టింది. సెల్లార్‌లో నీరు వచ్చిందని తెలిస్తే నీటి గుర్తు గోడ మీద ఎంత ఎత్తున ఉందో చూడండి. అది మీ ఫిల్టర్ అడుగును దాటి ఉంటే ఫిల్టర్ విప్పి పైపు లోపల పొడి గుడ్డ తిప్పి చూసేదాకా తాళం తిప్పవద్దు. ఫోనులోని యాప్‌తో స్టార్ట్ అయ్యే బండ్లయితే బ్యాటరీ మైనస్ వైరు తీసేయడం మంచిది.

నీటిలో బండి ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. ఒక్కసారి చూద్దామని కూడా కొట్టకండి. ఆగిపోయినప్పుడు రాడ్ బాగానే ఉండి ఉండవచ్చు, రెండోసారి కొట్టే సెల్ఫే దాన్ని వంచుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి మనుషులతో తోయించి గట్టుకు చేర్చండి. గేరులో వేసి తోసి స్టార్ట్ చేయాలని చూడవద్దు, గేరులో ఉంచి తాడు కట్టి లాగించవద్దు, రెండూ ఇంజిన్‌ను తిప్పేవే. బ్యాటరీ తీసేసి, బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే వాహనాన్ని పిలవండి.

షెడ్డులో ఏం చేయాలో కూడా రాస్తాను, ఎందుకంటే తొందరలో కొందరు మెకానిక్‌లు ఫిల్టర్ ఆరబెట్టి నేరుగా స్టార్ట్ చేస్తారు. మీరు దగ్గరుండి ఈ వరుస అడగండి. ఇగ్నిషన్ కాయిల్స్, స్పార్క్ ప్లగ్‌లు నాలుగూ తీయాలి. ఇంజెక్టర్లకు కరెంటు ఆపాలి. క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి ముందు చేత్తో రెండు చుట్లు తిప్పాలి, ఎక్కడా అడ్డు తగలకపోతేనే సెల్ఫ్‌ను కొద్దిసేపు కొట్టాలి. నీరు ఉంటే ప్లగ్ రంధ్రాల్లోంచి చిమ్ముతుంది, ముఖం దూరంగా ఉంచుకోవాలి. తరువాత ఒక్కో బోరులో కొన్ని చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ తిప్పాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీరు ఆయిల్ ఉండే చాంబర్‌లోకి కూడా చేరినట్లే, ఆయిలూ ఆయిల్ ఫిల్టరూ మార్చాలి, కొంత తిరిగాక ఇంకోసారి మార్చాలి. ఇవన్నీ అదే రోజు జరగాలి. నీరు ఉన్న బోరును రెండు మూడు రోజులు వదిలేస్తే రింగులు తుప్పు పట్టి అంటుకుపోతాయి, అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది. డీజిల్ ఇంజిన్‌కైతే ప్లగ్‌ల బదులు గ్లో ప్లగ్‌లో ఇంజెక్టర్లో తీసి ఇదే వరుస పాటిస్తారు.

బండి స్టార్ట్ అయి మామూలుగా నడుస్తున్నా నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. కొద్దిగా వంగిన రాడ్ వెంటనే బయటపడదు. నీటిలో ఆగి, సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్ట్ అయి, కొన్ని వారాలు నడిచిన ఒక బండి ఐడిల్‌లో సన్నటి వణుకుతో మా దగ్గరికి వచ్చింది. ఆయిల్ బాగుంది, ప్లగ్‌లు బాగున్నాయి, మూడో సిలిండర్ కంప్రెషన్ మాత్రం మిగతావాటికన్నా తక్కువ. హెడ్ ఎత్తి చూస్తే మూడు బోర్లలో పై అంచు దగ్గర సన్నని మసి పట్టీ ఉంది, మూడో బోరులో ఆ పట్టీ వెడల్పుగా ఉంది. రాడ్ వంగి పొట్టి కావడంతో పిస్టన్ పూర్తి ఎత్తుకు రావడం లేదు, అది చేరని చోట మసి పేరుకుంది. అలాగే నడిపి ఉంటే ఏదో ఒక రోజు హైవే మీద ఆ రాడ్ విరిగేది. హెడ్ ఎత్తకుండా తెలుసుకోవాలంటే ప్లగ్ రంధ్రంలోంచి సన్నని కడ్డీ దించి, నాలుగు పిస్టన్లూ ఒకే ఎత్తుకు వస్తున్నాయో లేదో కొలిచి చూడవచ్చు. మిగతావాటికన్నా ఒకటి కిందే ఆగిపోతుంటే అనుమానించాలి.

చివరిగా ఇన్సూరెన్స్. మార్పు సంగతి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, వారి జవాబు దాచుకోండి. మన దేశంలోని మామూలు ప్యాకేజ్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్, పర్యవసాన నష్టం (మొదటి ప్రమాదం తరువాత దాని వెంట వచ్చే నష్టం) మినహాయింపులుగా ఉంటాయి. నీటిలో ఆగిన తరువాత సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజిన్ పోయిందని సర్వేయర్ రాస్తే క్లెయిము ఆ మినహాయింపు కిందికి వెళ్తుంది. అందుకే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తీసుకోవాలి, అది ఉన్నా చెప్పకుండా చేసిన మార్పును కారణంగా చూపి క్లెయిము నిరాకరించే అవకాశం ఉంది. బండి వారంటీలో ఉంటే ఇన్‌టేక్ వైపు నుంచి వచ్చిన నష్టానికి అది కూడా వర్తించదని అనుకోండి. ఫిల్టర్ అడుగు ఎత్తు కొలిచి, పైపు ఒకే ముక్కో రెండు ముక్కలో చూసి ఇక్కడ రాస్తే, మీ కిట్‌ను షార్ట్ ర్యామ్‌గా మార్చడం వీలవుతుందో లేదో చెప్పగలను.